రికార్డింగు మాస్టారు, నా నాలుగు స్తోత్రాలు

రికార్డింగు మాస్టారు పోయారన్న కబురు నాకు చర్చిలో తెలిసింది. శనివారం పొద్దున, మర్నాటి ఆరాధన కోసం చాపలు దులుపుతున్నాను. మా అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, మాస్టారు నిద్రలోనే వెళ్లిపోయారంట" అంది. తర్వాత అదే అంది, "నిన్న కూడా ఎవరిచేతో ఒక్క లైను చీకటి పడేదాకా చెప్పించారంటమ్మా." ఏడుస్తూనే నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ మనిషి గుర్తొస్తే ముందు వచ్చేది నవ్వే.

ఆయనది మంగళగిరి. నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం వదిలి మైకు పట్టుకున్నారు. విజయవాడ గవర్నరుపేటలో ఒక సందులో, మేడ మీద ఆయన స్టూడియో. భక్తి పాటలు, క్రిస్మస్ పాటలు, ఎన్నికల పాటలు, కోచింగ్ కాలేజీల ప్రకటనలు అన్నీ అక్కడ రికార్డు చేసేవారు. ఈ మధ్య మాత్రం ర్యాప్ పాడే పిల్లలే ఎక్కువగా వచ్చేవారు. తాళానికి తగ్గట్టు మాటలు గబగబా చెప్పే ఆ పాటలంటే ఆయనకు మహా ఇష్టం. "పాడే వాళ్లు రాగం వెనక దాక్కుంటారు చెల్లెమ్మా. ఈ పిల్లలకి దాక్కోడానికి చోటు లేదు" అనేవారు.

మా చర్చి క్వయరు పాటల రికార్డింగుకి వెళ్లినప్పుడు నాకు పరిచయమయ్యారు. నా గొంతు చిన్నది. పక్కనున్నవాళ్లకే వినపడదు. అందుకని ఎప్పుడూ చివరి వరసలో నిలబడేదాన్ని. ఆ రోజు ఆయన నన్ను ముందుకు పిలిచి, మైకుకి జానెడు దూరంలో నిలబెట్టారు. "అరవొద్దు. మైకు మీ పెదాల దగ్గరే ఉంది, పక్కింట్లో లేదు" అన్నారు. పెద్ద గొంతు వాళ్లని వెనక్కి పంపారు. మా క్వయరు లీడరు ముఖం చూడాల్సింది.

ఆయన పట్టింపులు ఆయనవి. రికార్డింగు నడుస్తున్నంతసేపూ ఏసీ ఆపేసేవారు, దాని హోరు పాటలో పడుతుందని. మే నెల విజయవాడలో తలుపులు బిగించిన గదిలో ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. బట్టతల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చునేవారు. చీరల విషయంలోనూ అంతే. "పట్టుచీర కట్టుకొస్తే అది కూడా పాడుద్ది. నూలుచీర నోరు మూసుకుని ఉంటది" అనేవారు. ఎంత బాగా పాడినా ఒకటే మాట: "బాగుంది. ఇంకొక్కసారి." ఆయన్ని చివరిసారి చూడటానికి వెళ్లిన రోజు, టెంటు కింద కూర్చున్న పాటగాళ్లలో ఒకాయన సరిగ్గా ఆ గొంతుతో ఆ మాట అంటే, తల వంచుకుని కూర్చున్న మాస్టారి భార్య కూడా పక్కున నవ్వేశారు. "నా కాఫీకి కూడా అదే అనేవారండీ" అన్నారావిడ.

మా అమ్మాయికి ర్యాప్ పిచ్చి డిగ్రీలో పట్టుకుంది. మాటలు అదే రాసుకునేది. దాని క్లాసు పిల్ల ఒకమ్మాయి లాప్‌టాప్‌లో బీటు, అంటే పాటకి తాళం, కట్టేది. రికార్డింగుకి వెళ్తామంటే, మాస్టారి దగ్గరికైతేనే వెళ్లండి, నేనూ వస్తాను అన్నాను. నాకు ఆ పాటలంటే కొంచెం బెదురుండేది. ఏం మాటలు వినాల్సొస్తుందోనని. తీరా చూస్తే, పాట మా ఊరి ఎండ మీద.

"ఎండకి రోడ్డే పెనం, మేం దాని మీద దోసెలం" అని మొదలు.

మా అమ్మాయి అద్దం అవతల చిన్న గదిలో మైకు ముందు నిలబడింది. మేం ముగ్గురం ఇవతల. లోపలివాళ్లతో మాట్లాడటానికి మాస్టారి బల్ల మీద ఇంకో చిన్న మైకు ఉంటుంది. అది ఆ రోజు ఆన్‌లోనే ఉందని నాకు తెలియదు. అందులో పడిన మాటలు కూడా వేరే రికార్డవుతాయని అసలే తెలియదు. పాటలో ఉన్న పిల్ల మిట్టమధ్యాహ్నం బస్సుల కోసం పడిగాపులు పడి, చివరికి "మూడో బస్సులో నాకు సీటు దొరికిందోచ్" అంది. నేను అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నాను.

మా ఇళ్లలో ఏ చిన్న మేలు జరిగినా దేవుడికి చెప్పుకునే మాట అది. పాలు పొంగక ముందే చూసుకున్నా స్తోత్రమే. బస్సులో సీటు దొరికితే అనమా?

మళ్లీ వినిపించినప్పుడు, సీటు దొరికిందోచ్ అనగానే వెనకనుంచి నా గొంతు మెల్లగా "స్తోత్రం" అంది. పిల్లలిద్దరూ పొట్టలు పట్టుకున్నారు. మాస్టారు నవ్వలేదు. వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. "బుర్రకథలో వంత ఉన్నట్టు, వీళ్ల పాటల్లోనూ వెనకనుంచి ఒక మాట పడుద్ది చెల్లెమ్మా. దానికోసం కుర్రాళ్లు ఏవేవో కేకలు పెడతారు. మీరు చూడండి, ఎంత సరిగ్గా వేశారో!"

ఆ బీటు పిల్ల ఊరుకుంటుందా? నా మాటను లాప్‌టాప్‌లోకి తీసుకుని, పాటలో మాటిమాటికీ వచ్చే నాలుగు లైన్ల పల్లవిలో లైనుకొకటి చొప్పున అతికించేసింది. వినిపించింది. స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం. అదే గొంతు, అదే దీర్ఘం, మిషను కుట్టినట్టు.

దేవుడి మాటను ఊరికే వాడకూడదని చిన్నప్పటినుంచి విన్నదాన్ని.

"తీసేయండి మాస్టారూ" అన్నాను.

"అమ్మా, ప్లీజ్!" మా అమ్మాయి బయటికి పరిగెత్తుకొచ్చింది. "అది లేకపోతే పాట బోసిపోద్దమ్మా. నా మొదటి పాటమ్మా!"

"చాలా బాగుంది ఆంటీ" అంది రెండో పిల్ల.

మాస్టారు వాళ్లను చేత్తో ఆపారు. "ఆ మాట ఆవిడది. ఆవిడిస్తే ఉంటది, లేదంటే లేదు. ఇందులో మనకి ఓటు లేదు." తీసేయడానికి వేలు మీట మీద పెట్టి, నా వైపు చూశారు. "తప్పేం వినపడింది చెల్లెమ్మా?"

మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. దాని ముఖం చూస్తే ఒప్పుకోవాలని ఉంది. మనసు ఒప్పుకోవడం లేదు. ఎలా చెప్పాలో తెలియక ఉన్నమాట చెప్పాను.

"నేను ఒక్కసారే అన్నానండి. నాలుగుసార్లు వినపడితే, మిగతా మూడూ ఎవరన్నట్టు?"

ఆయన వేలు తీసేశారు. చాలాసేపు గడ్డం గోక్కున్నారు. "అయితే మీరే నాలుగుసార్లు అనండి" అన్నారు.

అలా నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ చిన్న గదిలో నిలబడ్డాను. బీటు మొదలైంది. "స్తోత్రం" అన్నాను.

"ఇది స్కూల్లో హాజరు పలికినట్టుంది" అని చెవిలో మాస్టారి గొంతు.

"ఊరికే అనమంటే ఎలా వస్తదండీ?"

"అదీ నిజమే. సరే, నేను వార్తలు చెప్తాను. అన్నీ నిజాలే. మీచేత ఆ మాట అనిపించడానికి అబద్ధం ఆడను. సరేనా?" బీటు మళ్లీ తిరిగింది. "మా ఆవిడ మోకాళ్లు నెమ్మదించాయండి. నిన్న తనంతట తనే మేడెక్కి వచ్చింది."

"స్తోత్రం" అన్నాను. అది నోట్లోంచి కాదు, లోపల్నుంచి వచ్చింది.

"పొద్దుట్నుంచి కరెంటు పోలేదు!"

నవ్వుతూనే వచ్చింది రెండోది.

మూడోదానికి మా అమ్మాయి ఆయన్ని పక్కకి నెట్టి మైకులోకి వంగింది. "అమ్మా, అకౌంట్స్ పాసయ్యాను. అసలు అందులో ఫెయిలయ్యానని నీకు చెప్పలేదులే!"

"స్తోత్రం!" నా జన్మలో అంత గట్టిగా అరవలేదు. మాస్టారు చెవులు మూసుకున్నారు. గొంతు మరీ హెచ్చితే వెలిగే ఎర్రదీపం బల్ల మీద వెలిగిందట. "పక్కింటి మైకులో కూడా పడింది చెల్లెమ్మా!" అన్నారు. పిల్లలు నేల మీద కూలబడి నవ్వుతున్నారు. దాన్ని తర్వాత ఇంట్లో అడగాల్సిన పద్ధతిలో అడిగాను, అది వేరే సంగతి.

నాలుగో లైను వచ్చేసింది. మాస్టారు ఏదో చెప్పబోయారు. ఏమీ దొరకలేదు. పైకి చూశారు, పక్కకి చూశారు. తల మీద తడిగుడ్డ, కారుతున్న చెమట. అద్దం అవతల రెండు చేతులూ తెరిచి, నా దగ్గర ఇంకేం లేదమ్మా అన్నట్టు నవ్వుతూ నిలబడిపోయారు. ఒక చిన్నపిల్ల పాట కోసం, తనది కాని దేవుడి మాట కోసం, ఆ ఉక్కలో అంత పాటుపడుతున్న ఆ మనిషి ముఖం చూశాను. మాట అదే వచ్చింది. మెల్లగా, నా మామూలు గొంతుతో.

బయటికి వచ్చేసరికి బీటు పిల్ల అంటోంది, "నాలుగోది కొంచెం లేటు పడింది మాస్టారూ. ముందుకి జరిపేద్దామా?"

ఆయన సంగతి తెలుసుగా. రవ్వంత తేడా ఉన్నా ఇంకొక్కసారి అనే మనిషి. ఆ రోజు మాత్రం తల అడ్డంగా ఊపారు.

"వద్దమ్మా. ఆవిడ చూసి అన్నారు. చూడ్డానికి ఆ మాత్రం టైం పడుద్ది."

అని పాటను మొదటినుంచి పెద్ద స్పీకర్లలో పెట్టారు. ఆ గదిలో నలుగురికీ కుర్చీలున్నాయి. పాట అయ్యేదాకా ఒక్కరమూ కూర్చోలేదు.