నాయన దాచిన గాలిమర షేర్లు

మొన్న మా అల్లుడు ఫోన్‌లో ఏదో వీడియో పెట్టుకుని, ఈ ఏడాది కరెంటు కంపెనీల్లో ఏవి కొనాలో, హోటల్ కంపెనీల్లో ఏవి కొనాలో గడగడా చెప్పుకుపోతున్న ఒక కుర్రాడి మాటలు వింటూ, నన్ను ఆటపట్టించడానికి "అత్తా, నువ్వు చెప్పు, ఏది కొందాం?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రెండూ కలిపి వినగానే మా నాయన గుర్తొచ్చి, పొయ్యి మీద పాలున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ముదిగుబ్బ దగ్గర మాకున్న మెట్ట పొలాన్ని గాలిమరలు పెట్టడానికి కంపెనీవాళ్లు వచ్చి కొన్నప్పుడు, ఆ దుడ్లతో బుక్కరాయసముద్రం చెరువు కింద ఒక్క ఎకరా అయినా మడి కొనాలని నాయన కోరిక. పుట్టింది మొదలు మబ్బుల వంక చూసి బతికిన మనిషికి నీళ్లు పారే మడి అంటే ఎంత ఆశో మన వయసువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చేతికొచ్చింది చాలలేదు. టౌన్లో షేర్ల ఆఫీసులో పనిచేసే నాయన స్నేహితుడు, నేను చిచ్చా అని పిలిచే ఆయన, కొన్నాళ్లు షేర్లలో పెడితే పెరుగుతుందని సగం గాలిమరల కంపెనీలో, సగం హోటళ్ల కంపెనీలో పెట్టించాడు.

నాయనకు తెలిసిన బేరాలు రెండే, టమోటా, శనక్కాయ. టమోటా కోసిన రోజే వచ్చిన ధరకు వదిలించుకోవాలి, లేకుంటే కుళ్లిపోతుంది. శనక్కాయ ధర పడితే మూటలు ఇంట్లో వేసుకుని పెరిగేదాకా కూర్చోవాలి. షేర్లను కూడా ఆయన అలాగే వేరు చేశాడు. వండిన అన్నం అమ్మే కంపెనీ ఎన్నాళ్లు నిలుస్తుందని, కాస్త పెరగగానే హోటల్ షేర్లన్నీ అమ్మించి, ఆ డబ్బు కూడా గాలిమరల్లోనే పెట్టించాడు. మన సీమలో వాన మొహం చాటేస్తుంది గానీ గాలికేం కొదవని అమ్మకు నచ్చజెప్పాడు.

తర్వాత ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయి రేటు జారడం మొదలైంది. చిచ్చా బస్సెక్కి ఇంటికొచ్చి "అన్నా, దిగిపోతాండాది, ఉన్నకాడికి అమ్మేయన్నా" అని బతిమాలాడు.

"కాయ ధర దిగినప్పుడు అమ్ముకునేవాడు సేద్యగాడేనా? ఫ్యాన్లు తిరగతానే ఉండాయి, నా కంటికి కనపడతాండాయి. కూసోప్పా, సంగటి తిను" అన్నాడు నాయన. ఫ్యాన్లు తిరిగితే చాలు, కంపెనీ బతికున్నట్టే అనుకున్నాడు పిచ్చి మనిషి. ఆయన వదిలించుకున్న హోటళ్ల కంపెనీ ఊరూరా శాఖలు పెట్టి ఎదిగిపోయింది, తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పొలమూ లేదు, మడీ లేదు. అమ్మను వెంటబెట్టుకుని బెంగళూరు పోయి, ఆ వయసులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడు. వారానికోసారి చిచ్చాకు ఫోన్ చేసి రేటు కనుక్కుని, వెంటనే నాకు చేసి "ఎక్కుతాండాది పాపా, మడి కొంటాం" అనేవాడు, ఆ గొంతులో ఎంత సంతోషమో. ఆ గేటు పక్క గదిలోనే పోయాడు.

దినాలకు వచ్చిన చిచ్చా గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఆ షేర్లు చిత్తుకాగితాలై చాలా కాలమైందట, నాయనకు ఆ మాట చెప్పడానికి నోరు రాక ప్రతిసారీ కాస్త పెంచి చెప్పేవాడట. నాకు ఆయన్ను తిట్టబుద్ధి కాలేదు, మంచినీళ్లు తెచ్చిచ్చాను.

ఇప్పుడు చెరువు కింద మళ్లు చాలావరకు ప్లాట్లయిపోయాయి, మా అల్లుడి వయసువాళ్లు పొద్దున కొన్న షేరు మధ్యాహ్నానికి అమ్మేస్తున్నారు. ఎన్నో కరువుల్లో మమ్మల్ని బతికించిన ఆ ఓర్పు ఇప్పుడు ఎవరిలోనూ కనిపించదు, లేకపోవడమే మంచిదని నాకూ తెలుసు. అయినా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, తనదైన మడిలో నాయన కాళ్లు బురదలో దిగబడి ఉంటే బాగుండేదని ఈ వయసులోనూ ఏడుపొస్తుంది.