రంగు బకెట్లో అంబలి

మా ఇంట్లో ఆడవాళ్ల నెలసరి తేదీలు గోడ క్యాలెండరు మీద నేనే వేస్తాను. నా రోజుల్లో నాకు నీలం చుక్క, ఇప్పుడు కోడలికి ఎర్ర చుక్క. నేను పెద్దమనిషి అయింది పద్నాలుగో ఏట, కోడలు పదమూడో ఏట.

కిందటి వేసవిలో మనవరాలికి తలంటుతూ కోడలు నన్ను కేకేసింది.

"అత్తా, ఓపాలి సూడు. పిల్లకి రొమ్ము కాడ గడ్డలా తగులుతున్నాది."

తడిమి చూశాను. ఉసిరికాయంత ఉంది. నొక్కితే పిల్ల అబ్బా అంది. దానికి ఎనిమిదేళ్లు నిండడానికి ఇంకా నలభై రోజులున్నాయి.

ఆ పూట నుంచి నాకు దేనిమీదా నమ్మకం లేకుండా పోయింది. ఫారం కోడి మానిపించాను. గోళ్లరంగు పారేశాను. సంతలో కొన్న గొలుసు మెడలోంచి తీయించాను. పసుపు మరీ పచ్చగా ఉందని దుకాణానికి వెళ్లి అడిగాను.

"పసుపు పచ్చగా కాక నల్లగా ఉంటాదేటి, మామ్మా?" అని నవ్వాడు కొట్టువాడు. ఆ నవ్వూ అనుమానంగానే తోచింది. కొమ్ములు తెచ్చి ఇంట్లోనే దంచుకున్నాను.

తర్వాత బొబ్బిలి నుంచి బస్సెక్కి విజయనగరంలో డాక్టరమ్మకి చూపించాం. పిల్ల ఏం తింటుందని అడిగిందామె.

"పొద్దున్నా మధ్యాహ్నం చోడి అంబలి. నా చేతిదే," అన్నాను.

"దేన్లో ఉంచుతారు?"

నాకంటే ముందు కోడలు అందుకుంది. "పెయింట్ బకెట్లోనండి."

"ఏడుసార్లు సబ్బుతో కడిగిన బకెట్టే," అన్నాను.

ఇంటికి రంగులేయించినప్పుడు మిగిలిన మూత బకెట్ అది. కుండ పగిలితే నేనే వాడుకలో పెట్టాను. పులిసిన రాగిపిండి నూకతో ఉడికించి, పొగలు కక్కుతుండగానే అందులో వంచేదాన్ని. రెండు రోజులు అందులోనే ఉండేది. మా వీధిలో అందరిళ్లలోనూ అంతే.

"వేడికీ పులుపుకీ ప్లాస్టిక్‌లోవీ రంగులోవీ తిండిలోకి దిగొచ్చు. కొన్ని ఒంట్లో హార్మోన్ల పని చెడగొడతాయి. సీసం లాంటి లోహాలూ అంతే. పాపకి దానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. కానీ మానెయ్యండి. మూడు నెలలు చూద్దాం. పెరిగితే, ఇంత చిన్నప్పుడే పెద్దమనిషి కాకుండా సూదులు మొదలుపెట్టాలి," అందామె.

బస్సులో కోడలు మెల్లిగా అంది, "ఊరందర్నీ అనుమానించావు, అత్తా."

నేను లెక్క కట్టుకుంటున్నాను. కుండ పగిలి పదకొండు నెలలు, రోజుకు రెండు గ్లాసులు. దగ్గర దగ్గర ఆరువందల డెబ్భై. అన్నీ నేను పోసినవే.

బకెట్ గేదె కుడితికి పెట్టాను. మర్నాడు పాలు పితుకుతూ, ఇవి తాగేది ఆ పిల్లే కదా అని గుర్తొచ్చి అదీ తీసేశాను. కొత్త కుండకి లోపల ఏమైనా పూశారేమోనని మూడు రోజులు నీళ్లు నిలవేసి వాసన చూశాను.

ప్రతి ఆదివారం గడ్డ తడిమి క్యాలెండరులో పెన్సిలుతో రాశాను. మూడో నెలకి రేగుపండంతకి తగ్గింది.

"బకెట్ మానినందుకేనా?" అని డాక్టరమ్మని అడిగాను.

"దానంతటదే తగ్గడమూ ఉంది. మళ్లీ మూడు నెలలకి రండి."

ఈ ఉదయం పిల్ల అంబలి గ్లాసు పట్టుకుని క్యాలెండరు ముందు నిలబడింది.

"నాన్నమ్మా, నాకు ఏ రంగు సుక్కెడతావు?"

"నీకింకా తొందరేటే? తాగు," అన్నాను.