సూరిబాబు ఇసుక బస్తా

నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చేసరికి, ఇక్కడ సౌదీలో, అల్ ఖోబర్‌లో మా అమ్మాయి ఇంట్లో చింతకాయ పచ్చడి నూరుతున్నాను.

ఇవాళ పడవల రేసయ్యాక భోజనానికొస్తానన్న మా తమ్ముడి కోసమే.

పడవలు నిలిపే మెరీనా నుంచి. సూరిబాబు మాస్ట్ మీంచి, అదే తెరచాప స్తంభం మీంచి పడ్డాడని. పోయాడని.

ఏ సూరిబాబు అని అడిగాను. నాకున్నది ఒక్క తమ్ముడే.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. మాది తాళ్ళరేవు, కొయ్య పడవలు కట్టే ఊరు. పదకొండేళ్ళుగా వాడిక్కడ ఒక పెద్ద పాతకాలపు తెరచాప రేసు పడవకు, యాట్ అంటారు, రిగ్గర్. మాస్ట్‌ను నిలబెట్టే తాళ్ళూ, తెరచాపల్ని లేపే తాళ్ళూ అన్నీ వాడి చేతి అల్లికే.

వాడికో పద్ధతి. కొత్తగా అల్లిన తాడుకు ముందు ఇసుక బస్తా కట్టి, రోజంతా మాస్ట్ మీద వేలాడదీసేవాడు. ఆ తర్వాతే తానెక్కేవాడు.

"బస్తాకి పెళ్ళాం పిల్లల్లేరు కదక్కా," అనేవాడు.

రేసు రోజు మాత్రం వాడి చోటు జెట్టీ మీద. తెల్ల చొక్కాల క్రూ పడవెక్కేది, కప్పు గెలిచేది. గ్రూప్ ఫొటో తీసేది మావాడు.

పోయిన శుక్రవారం భోజనాల దగ్గర నేనే అన్నాను.

"పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేది నువ్వు, ఊరేగేది వాళ్ళు. పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఎక్కించారట్రా?"

అందరూ నవ్వారు.

వాడు పెరుగన్నం సగంలో చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడే వెళ్ళి కెప్టెన్‌ని అడిగాడట. గురువారానికల్లా కొత్త తాళ్ళు సిద్ధమైతే ఎక్కించుకుంటానన్నాడట ఆయన. కొత్త రకం తాడు, పట్టులా జారేది.

బుధవారం ఫోన్ చేశాడు.

"చొక్కా ఇచ్చారక్కా. కాస్త లూజు."

బస్తా కట్టావా అని నేనడగలేదు.

టైమ్ చాలక నేరుగా తానే ఎక్కాడని తోటివాళ్ళు చెప్పారు. అల్లిక జారింది.

ముప్పయ్యేళ్ళు ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఏ తాడు ఎంత బరువు మోస్తుందో బోర్డు మీద తేల్చి చూపించేదాన్ని. నా నోటి బరువే ఎప్పుడూ తూచుకోలేదు.

కాబట్టి దయచేసి ఎవరూ ఫోన్ చేసి, అంతా రాత అనకండి.

ఈ ఉదయం రేసు ఆగలేదు. సంతాపంగా మాస్ట్‌కు నల్ల రిబ్బన్ కట్టారట. మొదటి మలుపులోనే ఊడి సముద్రంలో పడిందట.

కట్టడం వచ్చినవాడు మార్చురీలో ఉన్నాడు మరి.

సూరీ, ఆ తెల్ల చొక్కా నీకే తొడగమన్నాను. లూజైనా సరే.

ఇక ఎక్కాల్సిందేమీ లేదు. గాలి లేనిచోట హాయిగా పడుకో, నాన్నా.