మాగాయ చిప్ప పుట్టిల్లు

భిలాయి రుఆబాంధాలోని మా వంటింట్లో మేకుకు దారంతో వేలాడే ఆల్చిప్ప కోసం నేనొకనాడు గంతులేస్తానని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. అమ్మ పెళ్లయి భిలాయి వచ్చేటప్పుడు భీమిలి దగ్గరున్న తన ఊరి నుంచి తెచ్చుకుంది దాన్ని. వాళ్లమ్మ సముద్రపొడ్డున ఏరి, నడుమ బండకేసి అరగదీసి, పదునైన చిల్లు చేసి ఇచ్చింది. ఏటా మాగాయకు మామిడికాయల చెక్కు దాంతోనే తీస్తుంది అమ్మ. పవర్ హౌస్ బజారు నుంచి నాన్న ఎన్ని స్టీలు పీలర్లు తెచ్చినా కన్నెత్తి చూడదు. ఉక్కు ఊళ్లో ఉంటూ చిప్పతో చెక్కడమేమిటని ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తుంటారు.

మా చెల్లి సముద్ర జీవుల జన్యువుల మీద పరిశోధన చేస్తుంది. పోయిన వేసవిలో ఇంటికొచ్చి, అమ్మ చేతిలో చిప్పను చూసి, తింటున్న మామిడి ముక్క వదిలేసింది. ఆ రకం ఆల్చిప్పలు అమ్మవాళ్ల తీరంలో ఇప్పుడు కనబడటమే లేదట. దక్షిణాన ఒక్కచోట కొన్ని మిగిలాయి. వాటి పిల్లల్ని తెచ్చి భీమిలి వైపు వదలాలంటే, అవీ ఒకప్పటి భీమిలివీ ఒకే వంశమని ముందు తేలాలి. అందుకు ఎక్కడ ఏరారో తెలిసిన పాత చిప్ప కావాలి. అలాంటిది దొరక్క తను తల పట్టుకుని కూర్చుంటే, అది మా మేకుకు వేలాడుతోంది.

"కొంచెం పొడి గీరుకుంటానమ్మా. దానికేం కాదు, పక్కా," అంది చెల్లి.

"ఏటే, మాగాయ చిప్పకి రక్తపరీక్షేటి?" అంటూనే ఇచ్చింది అమ్మ.

పదునంచు దగ్గర గీరిన పొడి పట్టుకెళ్లిన చెల్లి కొన్నాళ్లకు నీరసంగా ఫోన్ చేసింది. "దీదీ, రిజల్ట్ వచ్చింది. మామిడి."

ఇన్నేళ్ల మామిడి రసం ఆ అంచులో ఇంకిపోయి, పరీక్షలో ఆల్చిప్పకు బదులు మామిడి బయటపడింది. నాకు నవ్వాగలేదు. అమ్మ మాత్రం తప్పంతా తనదే అయినట్టు ముడుచుకుపోయింది.

రసం ఇంకనిది ఒకటే చోటు, బతికున్నప్పుడు రెండు చిప్పలూ కలిసి ఉండే మందపాటి మొదలు. చెక్కు తీసేటప్పుడు అమ్మ బొటనవేలు ఆనేది అక్కడే. లోపలిదాకా తొలిస్తే చిప్ప విరిగిపోవచ్చని చెల్లి దాచకుండా చెప్పింది. నాకు చెల్లి మీద ఒళ్లు మండింది. అమ్మ దగ్గర వాళ్లమ్మ చేతి వస్తువు మరొకటి లేదు.

మర్నాడు అమ్మ చిప్పను పాత నూలు చీర ముక్కలో చుట్టి నా చేతిలో పెట్టింది. "అక్కడ ఒక్కటీ లేదంటంది కదా. పంపించీ. విరిగితే విరిగింది."

నిన్న చెల్లి వీడియో కాల్ చేసింది. ఏడుస్తూ నవ్వుతోంది. ఒకే వంశమట. దక్షిణాన మిగిలినవన్నీ మా మాగాయ చిప్పకు దగ్గరి చుట్టాలే. వాటి పిల్లల్ని భీమిలి వైపు వదలడానికి ఇక అనుమానం లేదు. ఈ వయసులో నేను వంటింట్లో గంతులేశాను.

చిప్ప రెండు ముక్కలైందని చెల్లి ఆ తరవాత మెల్లగా చెప్పింది. అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఫోనుకు మొహం దగ్గరగా పెట్టి అడిగింది.

"మాయమ్మ ఏరిన కాడే వదుల్తారేటి?"

"ఆ దగ్గర్లోనే అమ్మా."

"అయితే ఆ రోజు నన్నూ తీసుకెళ్లు. ఈ ఏడు మాగాయ మీ నాన్న తెచ్చిన స్టీలుదాంతోనే చెక్కుతానులే."