ఎలపలకు పది

ఈ సంగతి రాసి పంపడం ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్లు మూడు పత్రికలకు పంపాను. అందిందని కూడా ఎవరూ రాయలేదు. ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే "దయ్యాల కథలైతే ఆదివారం అనుబంధం వాళ్లకు పంపండి" అని పెట్టేశారు.

ఇది కథ కాదు. దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా చూశామంటే ఎక్కడ, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారని అడిగి విసిగించేవాణ్ణి. అందుకే అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మాది ధర్మాబాద్ దగ్గర కర్ఖేలి. మా అన్న సాయన్న నాగలి పట్టినవాడు. వరసగా రెండేళ్లు వానల్లేక ముంబై వెళ్లి, ఒక ఏజెన్సీ ద్వారా సరుకుల ఓడలో చేరాడు. మొదట డెక్కు కడిగాడు. తర్వాత ఓడను తిప్పే చక్రం పట్టడం నేర్చుకున్నాడు.

అధికారి ఎటు, ఎన్ని డిగ్రీలు తిప్పమంటే, చక్రం పట్టినవాడు ఆ మాటే తిరిగి చెప్పాలట. కుడిఎడమలకు ఓడల్లో వేరే ఇంగ్లీషు పేర్లున్నాయి. అవి అన్నకు తికమక. మా దగ్గర నాగలికి కట్టినప్పుడు ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. అన్న ఉత్తరంలో ఇలా రాశాడు: "మనసుల దాపల, ఎలపల అనుకుంట. నోటితోని ఇంగ్లీషు చెప్త. మొన్న మరిచి ఎలపలకు పది అనేసిన. కెప్టెన్ ఒక్కటే నవ్వుడు."

అదే చివరి ఉత్తరం. ఇరవై రెండేళ్లయింది. తర్వాత కంపెనీ నుంచి రెండు వాక్యాల కాగితం వచ్చింది. ముంబై నుంచి కొచ్చి చేరాక ఓడ దిగి తిరిగి రాలేదని, పారిపోయినట్టు భావిస్తున్నామని.

సాలు సగంలో ఉండగా మంచినీళ్లకు కూడా నాగలి ఆపని మనిషి. అతను పారిపోయాడట. నేను ముంబై ఏజెన్సీకి ఆరుసార్లు వెళ్లాను. ప్రతిసారీ బల్ల మీద కూర్చోబెట్టి, సాయంత్రం "ఉద్యా యా", రేపు రండి అనేవారు. రేపు వెళితే మళ్లీ రేపు. ఆ మాట చెప్పిన ప్యూను ముఖం ఈరోజు చూపించినా గుర్తుపడతాను.

ఏటా పెత్రమాసకు చనిపోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తాం. అన్న పేరు వచ్చేసరికి వదిన చేట పక్కకు లాగేస్తుంది. "సచ్చిండో పారిపోయిండో కాయితం తెండ్రి. ఉత్తగ ఎట్లిస్త?" అంటుంది.

అన్న కూతురు సుజాత పుణేలో నర్సు. పోయిన చలికాలం ముంబై నుంచి కొచ్చి వెళ్లే విహార ఓడకు నాకూ టికెట్ తీసింది. వదిన రానంది. నేనూ వద్దంటే సుజాత ఊరుకోలేదు.

"ఒక్కసారి ఆ సముద్రం చూసి రా కాకా. అప్పుడన్నా కంపెనీకి ఉత్తరాలు రాసుడు బంద్ చేస్తవేమో. పోస్ట్‌మ్యాన్ నిన్ను చూస్తే గల్లీ మారుస్తుండు" అంది.

రెండో రోజు ఉదయం పది గంటలకు ఓడ నడిపే గది చూపించడానికి పన్నెండు మందిని తీసుకెళ్లారు. తలుపు దగ్గర బుట్టలో అందరి ఫోన్లూ పెట్టించారు. వద్దని అక్కడే చెప్పాను. నా మాట విని ఉంటే ఈరోజు సాక్ష్యం ఉండేది. వెంట వచ్చిన అమ్మాయి నన్ను వెనక నిలబెట్టి "ప్రశ్నలు చివర్లో అంకుల్" అంది. ఆ చివర రానేలేదు.

గది మా పంచాయతీ హాలుకు రెండింతలుంది. ముందంతా అద్దాలు. చక్రం మాత్రం అన్నం గిన్నె మూతంత. దాని వెనక ఎవరూ లేరు. దూరంగా కిటికీ దగ్గర ఒక విదేశీ నావికుడు దుర్భిణీతో చూస్తున్నాడు.

ఒక అధికారి హిందీలో వివరించాడు. ఓడ ఇప్పుడు కార్వార్ దగ్గర ఉందని, నడి సముద్రంలో దానంతట అదే నడుస్తుందని, రేవులో మాత్రం మనిషి చక్రం పడతాడని చెప్పాడు. ఇంకొకరు వచ్చి అందుకున్నానని చెప్పేదాకా పట్టినవాడు వదలకూడదట. ఆర్డరుకు జవాబు రాకపోతే వచ్చేదాకా మళ్లీ చెప్పాలట.

చూపిస్తానని ఖాళీ చక్రం వైపు తిరిగి, కుడికి పది డిగ్రీలు తిప్పమని ఇంగ్లీషులో గట్టిగా ఆర్డరు వేశాడు. అందరూ నవ్వారు.

అప్పుడు రెండు దెబ్బలు వినిపించాయి. వేలి కణుపుతో కర్ర మీద కొట్టినట్టు. అక్కడ కర్ర లేదు, అంతా ఇనుము, ప్లాస్టిక్కే. సాలు చివర ఎద్దులను మలిపే ముందు అన్న నాగలి మేడి మీద అలాగే రెండుసార్లు కొట్టేవాడు.

తర్వాత చక్రం వైపు నుంచి "ఎలపలకు పది" అని వినిపించింది. అరుపు కాదు, గుసగుస కాదు. పనిలో ఉన్న మనిషి మామూలు గొంతు. అన్న గొంతు.

అధికారి నవ్వు ఆగిపోయింది. "కోన్ బోలా?" అని మా వైపు చూశాడు. నేను కాదన్నాను. విదేశీ నావికుడు దుర్భిణీ దించాడు. అతను మమ్మల్ని చూడలేదు, చక్రాన్ని చూశాడు. చక్రం కదల్లేదు, అది నేను చూస్తూనే ఉన్నాను. సుజాత దెబ్బలు విన్నానంది, మాట వినలేదంది. ఆమె వినని దాన్ని విన్నదని రాయను.

టైమైపోయిందని మమ్మల్ని బయటికి పంపేశారు. కౌంటర్లో ఫిర్యాదు రాసిచ్చాను. సాయంత్రం గదికి పండ్ల పళ్లెం పంపారు. అదీ వాళ్ల జవాబు. నేను ముట్టలేదు.

ఇంటికొచ్చి వదినకు చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఎలపలకనే అన్నడా?"

"అవునొదినె."

"కొచ్చికి ఇవతల్నేనా?"

"ఇవతల్నే. కార్వార్ కాడ."

చేటలోని శనగల్లో రాళ్లు ఏరి పక్కన పెట్టింది. "అంటే కొచ్చిల దిగలే. ఇంక పని మీదనే ఉన్నడు. పని మీదున్నోనికి బియ్యమెట్లిస్తవయ్యా? ఎవలన్న పోయి దిగుమని చెప్పాలె గద" అంది.

నేను విన్నది ఏమిటో నాకు తెలియదు. నా చెవుల భ్రమ అనుకుందామంటే ఆ నావికుడు ఎందుకు తిరిగి చూశాడు? నేను తేల్చలేను, తేల్చమని ఎవరినీ అడగను కూడా. నేను అడిగేది కాగితం మీద ఉండే సంగతి. ఓడలో ఎవరు ఎన్నింటికి చక్రం పట్టారో రాసే పుస్తకం ఉంటుందని ఆ అధికారే చెప్పాడు.

కాబట్టి అన్న పనిచేసిన కంపెనీవాళ్లను అడుగుతున్నాను. ముంబై, కొచ్చిల మధ్య మా సాయన్న చివరిసారి చక్రం పట్టినప్పుడు, అతని చేతుల్లోంచి దాన్ని ఎవరు అందుకున్నారు? ఆ పేరు చెప్పండి. ఎవరూ అందుకోలేదంటే అదే రాసివ్వండి. జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ అడగాలన్నది మీ ఓడల పద్ధతే. నేను అడుగుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు తిరిగి చెప్పండి.