అమ్మ సొరగింజలూ, పెరట్లో పైపూ

ఈరోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకొని పెరట్లోకి వెళ్లి చూస్తే, గోడ పక్కన మట్టిని పగలదీసుకొని ఒక సొరమొలక, నెత్తిన గింజపొట్టును టోపీలా పెట్టుకొని నిలబడి ఉంది, దాని పక్కనే ఇంకొకటి మెడ వంచుకొని పైకి లేవబోతూ ఉంది. కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే గొంతుకూర్చున్నాను. ఒక సొరమొలకకు ఇంత సంబరమా అని మీరు నవ్వవచ్చు, మా ఆయన నవ్వనే నవ్వాడు, కానీ ఈ మధ్య నేను పడిన బెంగ తెలిస్తే నవ్వరు.

ఆ గింజలు మా అమ్మవి. అంటే, కోసిగి దగ్గర మా పల్లెలో, మా చిన్నతనంలో అమ్మ పెంచిన పాదు సంతతివి. అమ్మ పోయాక మా అక్క ఏటేటా ఆ గింజే నాటుకుంటూ వచ్చింది, నేనేమో నర్సు ఉద్యోగంలో ఊరూరా అద్దె గదుల్లో తిరిగినదాన్ని, బంతిమొక్క పెట్టుకుందామన్నా జాగా ఉండేది కాదు. కిందటేడు అక్క వాళ్లు ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే కూలిపనుల కోసం ఊరు విడిచి, పోయి వచ్చేసరికి, నీళ్లు పోసే దిక్కులేక వాళ్ల పాదు ఎండిపోయింది. అంతకు ముందటేడు గింజల కోసం దాచిన ఎండు సొరబుర్రను మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది, నందికొట్కూరులో మేము ఇల్లు కట్టుకున్నాం గదా, పెరడుంది గదా, పెరట్లోనే కొళాయి ఉంది గదా అని. ఇంకెక్కడా ఆ గింజ లేదు.

సగం గింజలు తీసి, మెత్తగా తవ్విన నేలలో నాటి, కొళాయికి పైపు తగిలించి పొద్దునా సాయంత్రం తనివితీరా తడిపాను. మొలవలేదు. మళ్లీ కొన్ని నాటాను, ఈసారి ఇంకా శ్రద్ధగా తడిపాను. అవీ మొలవలేదు. రోజూ నేను వేలితో మట్టి కెలికి చూడడం, మా ఆయన కిటికీలోంచి “గింజలకు జ్వరం చూస్తాండావా సిస్టరమ్మా?” అని ఎగతాళి చేయడం. ఒకరోజు కెలికితే గింజ వేళ్ల మధ్య మెత్తగా చితికి కుళ్లు వాసన కొట్టింది. ఉద్యోగంలో ఎన్నో చూసి గుండె రాయి చేసుకున్నదాన్ని, ఆరోజు మాత్రం ఏడుపాగలేదు. బుర్రలో మిగిలినవి గుప్పెడు కూడా లేవు, అవీ పోతే అమ్మ పాదు ఇంక ఈ భూమ్మీద లేనట్టే.

అక్కకు చెప్పడానికి మొహం చెల్లక కొన్నాళ్లు ఫోనే చేయలేదు. చివరికి చేసి, ఏడుపు గొంతుతో అంతా చెప్పాను. ఆమె తిడుతుందనుకుంటే, “నీళ్లెట్ల పోస్తాండావు మ్మే?” అని ఒక్కటే అడిగింది. పైపుతో, రెండు పూటలా, అని గొప్పగానే చెప్పాను.

“నీదేమన్నా వరిమడా? నల్లరేగడి నేల, పోసిన నీళ్లు యాడికి పోతాయి? ఊపిరాడక సచ్చింటాయి పాపం. అమ్మ ఎట్ల చేసేదో మర్సిపోయినావా?” అని పకపకా నవ్వింది.

మరిచిపోలేదు, నీళ్లు చూసేసరికి ఒళ్లు మరిచాను, అంతే. మన ఈడు వాళ్లకు, అందులోనూ మా వైపు వాళ్లకు, నేను చెప్పాలా? దూరపు బావి నుంచి బిందెలు మోసిన నెత్తి ఇది, ఇప్పుడు తిప్పితే చాలు నీళ్లు దూకుతుంటే ఆపబుద్ధి అవుతుందా? అమ్మ అయితే సొరగింజల్ని ఒక రాత్రి నానేసి, తడిగుడ్డలో మూటగట్టి రొండిన దోపుకునేది, ఒంటి వెచ్చదనానికి అవి మూటలోనే తెల్లటి మొలక చూపించేవి. వాటిని స్నానాల బండ పక్కన నాటేది. ఆ పాదుకంటూ విడిగా ఒక్క చెంబు పోసి ఎరగదు. మేము స్నానం చేసిన నీళ్లు, నాన్న కాళ్లు కడుక్కున్న నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, అవే. అన్నం తిని ఎవరైనా అవతల చెయ్యి కడిగితే, చుట్టమైనా సరే, అమ్మ మొహం మాడ్చుకునేది. మొదటి కాయ కోత పండుగకు చర్చిలో వేలానికి వెళ్లేది, ఇంకొకటి గింజకని తీగెకే ఎండేది, ఆ తర్వాతవే మా కూరకు.

సరే, మిగిలిన గింజలన్నీ నానేసి, మూటగట్టి, రొండిన దోపుకున్నాను. ఆదివారం చర్చికి కూడా అలాగే వెళ్లాను, అయ్యగారు ప్రసంగం చెబుతున్నంతసేపూ నా చెయ్యి నడుం మీదే ఉండింది, పక్కనున్నావిడ కడుపునొప్పా అని గుసగుసగా అడిగింది కూడా. ఇంటికొచ్చి విప్పితే, బియ్యపు ముక్కంత తెల్లటి మొలకలు. పైపు చుట్టి అటక మీద పారేశాను, చేతులు కడిగిన నీళ్లతోనే ఆ మట్టిని చెమ్మగా ఉంచాను, ఇదిగో ఈ పొద్దున లేచాయి. ఫోన్ చేసి చెబితే అక్క, “దేవుడు శానా మంచోడు మ్మే, నాకు ఒక కాయ గింజకు పెట్టు” అంది. ఇన్నాళ్లకు నా గుండె కుదుటపడింది.

మొలకలు చూస్తూ కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. అమ్మ అయితే ఇలా గింజలు కుళ్లబెట్టేది కాదు అని ముందు అనుకున్నాను గానీ, అది నిజం కాదు. ఈ పైపు ఆమె చేతికిచ్చి ఉంటే నాకంటే ఎక్కువే పోసేది, పెరడంతా మడుగు చేసి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని, ఆ బురదలో నిలబడి చిన్నపిల్లలా నవ్వేది. ఎంత జాగ్రత్తగల మనిషి మీ అమ్మ అని ఊరంతా మెచ్చుకునేది. నాకు మాత్రం, ఒక్కసారైనా నీళ్లు ఎక్కువై అమ్మ గింజలు కుళ్లిపోయి ఉంటే బాగుండేదనిపిస్తోంది.