కొసరుగా వచ్చిన కొమ్మ

మిన్నెసోటా చలికి తట్టుకునే ఆప్రికాట్ రకం ఒకటుందని విని నర్సరీకి వెళ్లాను. అమ్మే ఆవిడ, "ఒక్కటే వేస్తే కాయదు, దగ్గర్లో ఇంకో రకం చెట్టు కూడా ఉండాలి" అంది. నేను కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. ఒకటి అడిగినవాడికి రెండు అంటగట్టడం మా ఇంటి విద్య. రెండోది కొసరుగా ఇమ్మన్నాను. ఆవిడ నవ్వి, కుదరదంది. నా తెలివికి నేనే మురిసిపోతూ ఒక్క మొక్కతో ఇల్లు చేరాను.

ముక్కులో తేమ గడ్డకట్టే చలికాలాలు దాటుకుని చెట్టు ఎదిగింది. వసంతం రాగానే ఒళ్లంతా పూసేది. కాయ మాత్రం ఒక్కటీ లేదు. నర్సరీ ఆవిడ ఉన్నమాటే చెప్పిందని అప్పటికిగానీ నా బుర్రకెక్కలేదు.

మా పెరట్లో రోజంతా ఎండ పడే చోటు అదొక్కటే. దాని మీద మా ఆవిడ కన్ను ఎప్పటినుంచో ఉంది.

"ఈ సమ్మర్‌కి కూడా కాయకపోతే చెట్టు తీయించేస్తా. గోంగూర వేసుకుంటా."

"పూలు బాగున్నాయిగా?"

"పూలతో పప్పు వండమంటారా?"

రెండో మొక్క ఇప్పుడు కొన్నా, అది పూసేదాకా మా ఆవిడ ఆగదు. రెండు వీధుల అవతల ఉండే రిటైరైన డాక్టరమ్మగారి పెరట్లో వేరే రకాల ఆప్రికాట్ చెట్లు రెండున్నాయి. పూసిన కొమ్మ తెచ్చి, బకెట్ నీళ్లలో నిలిపి మన చెట్టు కింద ఉంచితే, మిగతా పని తేనెటీగలే చూసుకుంటాయట. కొమ్మకి డాక్టరమ్మగారు ఎంత అడిగితే నేనెంత అనాలో దారంతా కూడబలుక్కుంటూ వెళ్లాను.

"తీసుకో," అన్నారావిడ, కత్తెర అందుకుంటూ.

ధర చెప్పని మనిషితో బేరం ఎలా ఆడాలో మా కొట్లో ఎవరూ నేర్పలేదు.

"ఊరికే వద్దండీ. కాసినవాటిలో సగం మీకు."

"నా చెట్లకే బోలెడు కాస్తాయి. సగం ఏం చేసుకోనయ్యా?"

"పోనీ, మూడోవంతు."

"ధర చెప్పేదీ నువ్వే, తగ్గించేదీ నువ్వే. నా వంతెప్పుడు?" అంటూ ఇంకో కొమ్మ కూడా కోసి నా చేతిలో పెట్టారు. "ఇంద, ఇది కొసరు. ఓ గిన్నెడు పంపించు, చాలు."

ఆ వారమంతా బకెట్ ఎదురుగా కుర్చీ వేసుకుని, ప్రతి తేనెటీగనీ కొట్టుకి వచ్చిన గిరాకీలా మర్యాదగా చూసుకున్నాను.

జులైలో పళ్లు పండాయి. మా ఆవిడ మొదటిది చెట్టు కిందే నిలబడి తింది. రసం మోచేతిదాకా కారింది.

"కాస్త పులుపుంది," అంది, ఇంకోటి కోస్తూ. "సరే, చెట్టుండనీండి. ఎండ వైపు రెండు వరసలు గోంగూరకి."

"ఒకటి."

"మూడు."

రెండుకి ఒప్పించి, పళ్ల గిన్నెతో డాక్టరమ్మగారింటికి బయల్దేరాను. గిన్నె నిండాక పైన ఓ గుప్పెడు వేశాను.